తెగిన తీగె

మా అమ్మ వీణకి సారణి తెగింది. ఇందులో వింతేముంది, ఇంట్లో వీణ ఉన్న ప్రతివాళ్లకీ అనుభవమే. టంగుమంటుంది, వాయించే చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగిపోతుంది. అమ్మ లేచి, భోషాణంలోంచి కాయితం పొట్లం తీసి, కొత్త తీగె బిరడాకి చుట్టేసుకుంటుంది. పది నిమిషాల పని.

ఈసారి భోషాణంలో పొట్లం లేదు. అది మద్రాసు నుంచి వచ్చే రకం. జగ్గయ్యపేటలో ఫాన్సీ కొట్టాయన ముప్పై ఏళ్లుగా మా అమ్మ ఒక్కతె కోసమే తెప్పించి ఉంచేవాడు. ఈమాటు వెడితే, "ఆ సరుకు ఆగిపోయిందమ్మా, చెయ్యడమే మానేశారుట" అన్నాడు. నందిగామ వెళ్లాను. బ్యాండుమేళం సామాను బాగుచేసే ఆయన గిటారు తీగెలు తప్ప ఏవీ లేవన్నాడు. ఎందుకైనా మంచిదని ఒక జత కొన్నాను. చివరికి ఫోనులో నొక్కి వీణ తీగెలు తెప్పించాను. అమ్మ వేసుకుని రెండు గమకాలు లాగింది. వేలు చూసుకుంది. "ఇది నా తీగె కాదే. ఇంక చాల్లే" అని వీణకి గవిసెన తొడిగేసింది.

డెబ్బై ఆరేళ్ల మనిషి. వీణ దగ్గర "చాల్లే" అనడం నేనెప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది. అప్పుడు పట్టుకున్నాను ఈ తీగె సంగతి.

చూడగా చూడగా తేలిందేమిటంటే, వీణలో చాలామట్టుకు మన పెరట్లోదే. నూజివీడులో, బొబ్బిలిలో పనసచెట్టు కొట్టి కుండా దండీ తొలుస్తారు. మెట్లు నిలబెట్టేది మైనం. 24 మెట్లూ ఇలా కదలకుండా నిలిపిన ఏర్పాటు 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన మన రఘునాథ నాయకుడి కాలంనాటిదని చెబుతారు. కానీ ఆ మెట్ల మీద ఈనాడు మోగే ఉక్కు తీగె చరిత్ర మాత్రం సముద్రాల అవతల ఉంది.

అది పుట్టింది పియానో కోసం. 1854లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర జేమ్స్ హార్స్‌ఫాల్ అనే ఆయన ఉక్కు తీగెని కాచి పదునుపెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందున్న తీగెల కంటే ఎంతో గట్టిది. ఆ కంపెనీ తీగెనే 1866లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫు కేబులుకి కవచంగా చుట్టారు. తరువాత జర్మన్లు అందుకున్నారు. రోస్లావ్ అనే బవేరియా ఊరి పేరుతో వచ్చే పియానో తీగె మన సితారు దాకా చేరింది. రేడియో ముందు కూచుని ఈమని శంకరశాస్త్రిగారినీ, ఆయన శిష్యుడు చిట్టిబాబునీ విన్న మన అమ్మలు ఆ తీగె ఎక్కడిదని ఎన్నడైనా అడిగారా? నేనూ అడగలేదు లెండి.

దొరికే తీగె దొరక్కుండా పోవడం మా అమ్మతోనే మొదలు కాలేదు. పాతకాలం గిటారుకి సన్న తీగెలు గొర్రె పేగుతో చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ పేగుదారం అంతా సైనికుల గాయాలు కుట్టడానికి పోయింది. స్పెయిన్ గిటారు విద్వాంసుడు సెగోవియా అంతటివాడు తీగెలకి కటకటలాడాడు. ఆల్బర్ట్ ఆగస్టీన్ అని న్యూయార్కులో వాద్యాలు చేసే ఆయన నైలాన్ దారంతో ప్రయత్నించాడు. యుద్ధం అయ్యాక, 1940ల చివర, నైలాన్ తీగెలు బజారుకి వచ్చాయి. నైలాన్ అంటే అదే, 1935లో కారోథర్స్ కనిపెట్టింది. ముందు పళ్లబ్రష్షు కుచ్చు, 1940లో అమెరికా ఆడవాళ్ల మేజోళ్లు, యుద్ధంలో పారాచూట్లు, ఆపైన మన అమ్మల పూలపూల చీరలు. ఉతికితే క్షణంలో ఆరిపోతుందని మా పెద్దమ్మ ఎంత మురిసిపోయేదో!

ఇంకా వెనక్కి పోతే అసలు వాద్యమే పోయిన కథ ఉంది. మా పేటలో 1882లో బర్జెస్ దొర బౌద్ధస్తూపం తవ్వించాడు కదా, అదే కృష్ణ ఒడ్డున అమరావతి శిల్పాల్లో స్త్రీలు వాయించే వీణ చూడండి. విల్లులాగా వంగి ఉంటుంది, మెట్లుండవు. అది మన దేశంలో ఎప్పుడో దాదాపు మాయమైంది. బర్మాలో మాత్రం "సాంగ్" అన్న పేరుతో దాని చుట్టం ఇప్పటికీ ఉంది. దానికి వెనకటికి పట్టు తీగెలు, ఇప్పుడు నైలానే!

ఇవన్నీ చదివి ఏం లాభం, అమ్మ వీణకి గవిసెన అలాగే ఉంది. దారి చూపించింది మా మరిది. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. "వదినా, తెగిన ముక్క పారేశారా?" అని అడిగాడు. పారెయ్యలేదు, మా ఇంట్లో ఏదీ పారెయ్యం. లాబొరేటరీ నుంచి స్క్రూగేజి తెచ్చి కొలిచాడు. అమ్మ పాత తీగె 0.31 మిల్లీమీటర్లు, అంటే 30 నంబరు. ఫోనులో వచ్చింది 0.37, అంటే 28 నంబరు. నంబరు తగ్గితే తీగె లావవుతుంది, మన సూదులకి మల్లేనే.

ఇంత వెంట్రుకవాసికి ఏమవుతుందని నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు. మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1636లోనే లెక్క రాసి పెట్టాడుట. అదే పొడవు, అదే శ్రుతి ఉంచితే, తీగె లావుని ఎన్ని రెట్లు పెంచితే బిగువు అన్ని రెట్లకి అన్ని రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన కొత్త తీగె బిగువు నూటికి నలభై వంతులు ఎక్కువ! వీణ మీద గమకం పలకాలంటే తీగెని మెట్టు మీద పక్కకి లాగాలి. ఆ నలభై వంతులూ లాగవలసింది డెబ్బై ఆరేళ్ల వేలు. అమ్మ ఏ స్క్రూగేజీ లేకుండా రెండు గమకాల్లో చెప్పేసింది. నేనే పెద్దతనం చాదస్తమనుకున్నాను.

30 నంబరు తీగె నూజివీడులో వీణలు చేసేవారింట్లో దొరికింది, చుట్టల్లెక్కన. 2022లో జిల్లాలు విడదీశాక మేము ఎన్టీఆర్ జిల్లా, నూజివీడు ఏలూరు జిల్లా. నిన్నటిదాకా ఒకే కృష్ణా జిల్లాలో ఉన్న ఊరికి, తీగె కోసం జిల్లా దాటి వెళ్లినట్టయింది.

నందిగామ గిటారు తీగె కూడా వృథా పోలేదు. సన్నది 0.305, ఇంచుమించు అమ్మ తీగె లావే. కానీ సారణికి పొడవు చాలలేదు. తాళం తీగెల బిరడాలు దండి పక్కనే దగ్గరగా ఉంటాయి కనక మా మరిది దాన్ని అక్కడ బిగించాడు.

అమ్మ గవిసెన విప్పింది. సారణి లాగి చూసింది, ఏమీ అనలేదు. తాళం తీగె మీటి, "ఇదెవరిదే, కొత్తగొంతు?" అంది. చెప్పాను. "ఉండనీలే. ఆ లంగరు మాత్రం కాస్త కిందికి జరుపు" అంది.