పొలాల్లోనే ఆగిపోయిన స్టేషన్లు

లండన్ అండర్‌గ్రౌండ్‌లో నార్తర్న్ లైన్ ఎడ్జ్‌వేర్ దగ్గర ఆగిపోతుంది కదా, 1935 ప్లాన్ ప్రకారమైతే అక్కడ ఆగకూడదు. బ్రాక్లీ హిల్, ఎల్‌స్ట్రీ సౌత్ మీదుగా బుషీ హీత్ దాకా వెళ్ళాలి. అప్పట్లో దారంతా దాదాపు పొలాలే. ముందు రైలు వేస్తే ఇళ్ళు వాటంతటవే వస్తాయని వాళ్ళ లెక్క.

పని మొదలయ్యాక, 1939లో యుద్ధం వచ్చిపడింది. రైళ్ళకోసం తలపెట్టిన ఆల్డెన్‌హామ్ డిపోలో హాలిఫాక్స్ బాంబర్లు తయారుచేశారు.

యుద్ధం వల్లే ఈ లైన్ పోయిందంటే నేనొప్పుకోను. యుద్ధం వాయిదా వేసిందంతే. అసలు దెబ్బ గ్రీన్‌బెల్ట్‌ది. లండన్ చుట్టూ ఉన్న పొలాల్లో కొత్త ఇళ్ళు వద్దన్నారు. ఇళ్ళే లేకపోతే టికెట్ కొనేదెవరు? మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంటే ఎగిరిపోయింది! 1950లలో ప్రాజెక్టుని పూర్తిగా వదిలేశారు.

బ్రాక్లీ హిల్ దగ్గర సగంలో ఆగిన వంతెన తాలూకు ఇటుక కట్టడం ఇంకా మిగిలుంది. దాన్ని వృథా ఖర్చనేవాళ్ళు, పక్కనే మిగిలిన పచ్చదనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి మరి.