తీర్పు ఫలాగమమేనా? – ‘సెపరేట్ బట్ ఈక్వల్’లో చరిత్ర, కల్పన

మన లాక్షణికులు రూపకేతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. న్యాయస్థాన చరిత్రను దృశ్యరూపంలోకి తెచ్చే రచన సహజంగానే మిశ్రం. అందులో ప్రఖ్యాతం ఎక్కడ ముగిసి, ఉత్పాద్యం ఎక్కడ మొదలవుతుందన్నదే విమర్శకుని ప్రశ్న. ఆ ప్రశ్నతో జార్జ్ స్టీవెన్స్ జూనియర్ రచించి, దర్శకత్వం వహించిన ‘సెపరేట్ బట్ ఈక్వల్’ చిత్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది 1991 ఏప్రిల్‌లో అమెరికాలోని ఏబీసీ టెలివిజన్‌లో రెండు భాగాలుగా ప్రసారమైంది.

సౌకర్యాలు సమానమైతే జాతులను వేరుగా ఉంచవచ్చన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1896లో ప్లెసీ వ్యాజ్యంలో ఆమోదించింది. 1954 మే 17న బ్రౌన్ వ్యాజ్యంలో ప్రభుత్వ పాఠశాలల విషయంలో దానిని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. బ్రౌన్ తీర్పులో వేర్వేరు రాష్ట్రాల వ్యాజ్యాలు కలిసి ఉన్నాయి. వాటిలో చిత్రం ఎన్నుకున్నది దక్షిణ కరోలినాలోని క్లారెండన్ కౌంటీకి చెందిన బ్రిగ్స్ వ్యాజ్యం. అక్కడి పోరాటానికి బీజం నల్లజాతి పిల్లలకు బడి బస్సు కావాలన్న చిన్న కోరిక. అమూర్తమైన రాజ్యాంగ సూత్రానికి నడిచి వెళ్లే పిల్లవాడి పాదాలు రూపమిచ్చాయి. ఇతివృత్త స్వీకరణలో ఇది రచయిత వివేకం.

తుర్గుడ్ మార్షల్‌గా సిడ్నీ పోయిటియర్, ప్రతిపక్ష న్యాయవాది జాన్ డేవిస్‌గా బర్ట్ లాంకాస్టర్ నటించారు. వారి పాత్రల కోర్టు వాదాలకు లిఖితాధారాలున్నాయి. న్యాయమూర్తుల అంతరంగ సమావేశానికి అలాంటి ఆధారం లేదు. అందులోకి ఇతరులకు ప్రవేశం లేదు. మిగిలినవి న్యాయమూర్తులు రాసుకున్న గుర్తులు, స్మృతులు మాత్రమే. 1953 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తి విన్సన్ మరణించారు, ఆ స్థానంలోకి ఎర్ల్ వారెన్ వచ్చారు, చివరి వరకు వెనుకాడిన స్టాన్లీ రీడ్ అంగీకరించారు. వ్యాజ్యాన్ని మలుపు తిప్పిన మంతనాలన్నీ తలుపుల వెనుకనే జరిగాయి. కాబట్టి కథకు కీలకమైన చోటనే సంభాషణ ఉత్పాద్యం కాక తప్పదు. ఇది దోషం కాదు. ఫలితం ప్రఖ్యాతమై, దానికి దారితీసిన మాటలు ఊహ కావడం మిశ్రేతివృత్త ధర్మమే.

అసలు చిక్కు ముగింపులో ఉంది. ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి దాటి కథ తీర్పు అనే ఫలాగమానికి చేరుతుంది. చరిత్రలో ఫలం అంత త్వరగా చేతికందలేదు. 1955 నాటి రెండవ తీర్పు అమలుకు గడువు విధించలేదు. ఆ ఏడాదే, క్లారెండన్ ఉద్యమ సారథి రెవరెండ్ డిలేన్ సేవ చేస్తున్న చర్చి దగ్ధమైంది. ఆయన రాష్ట్రం విడిచిపోవలసి వచ్చింది. బ్రౌన్ తీర్పులో భాగమైన మరో వ్యాజ్యం పుట్టిన వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో, పిల్లలను కలపడం ఇష్టంలేక ప్రభుత్వ పాఠశాలలనే 1959 నుంచి 1964 వరకు మూసివేశారు.

దృశ్యరూపకానికి ముగింపు కావాలి. చరిత్రకు ఆ అవసరం లేదు. తీర్పును ఫలాగమంగా చూపినప్పుడు కథానాయకత్వం న్యాయవాదికి, న్యాయమూర్తికి దక్కుతుంది; తొలి సంతకాలు చేసి మూల్యం చెల్లించినవారు పూర్వరంగానికి పరిమితమవుతారు. తీర్పును నియతాప్తిగా, అంటే ఫలం నిశ్చయమైనా చేతికందని దశగా గ్రహించినప్పుడే ఈ చిత్రాన్నీ, దాని వెనుక చరిత్రనూ సరిగా చదివినట్లవుతుంది.