పులుపు, చేదుల వంశవృక్షం

నారింజ అనగానే మన పిల్లలకు అంగడిలోని తీపి కమలా, బత్తాయి గుర్తొస్తాయి. పుల్లగా, చేదుగా ఉన్నదాన్ని పనికిరాని కాయ అని పక్కన పెడతాం. కానీ ఈ జాతి పండ్ల చరిత్ర అడవిలోనే మొదలైంది. ఆ అడవిని, ఆ రుచులను ఎరిగిన ఆదివాసులకు ఆ చరిత్రలో చోటు ఉండాలి.

నిమ్మజాతి పుట్టినిల్లు హిమాలయాలకు ఆగ్నేయంగా ఉన్న కొండలు. అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, చైనాలోని పశ్చిమ యునాన్ ప్రాంతాలు. 2018లో వెలువడిన జన్యు పరిశోధన ఈ సంగతి చెప్పింది. సుమారు 80 లక్షల ఏళ్ళ క్రితం అక్కడి నుంచి ఈ చెట్లు పలు రకాలుగా విడిపోయాయి.

మనం తినే రకాల్లో ఎక్కువ వాటికి మూలం మూడే చెట్లు. మాదీఫలానికి మందమైన తొక్క, కొద్దిపాటి రసం, గొప్ప వాసన. పంపర పనసలో తీపి పులుపులతో పాటు తొనల పొరల్లో చేదు. కమలాకు చేత్తో ఒలిచే పలుచని తొక్క. పంపర పనస, కమలా కలిస్తే పుల్లనారింజ పుట్టింది. ఆ రెండు వంశాలే మరికొన్ని తరాలు కలిసి బత్తాయి అయింది. మన వంటింటి నిమ్మకాయకు తండ్రి మాదీఫలం.

పులుపు సిట్రిక్ ఆమ్లం వల్ల వస్తుంది. పంపర పనసలోని చేదుకు కారణమైన పదార్థం పేరు నారింజిన్. ఆ పేరు సంస్కృతంలోని 'నారంగ' నుంచి వచ్చింది. స్పెయిన్ వారి 'నరంహా' కూడా ఆ మాట నుంచే, పర్షియన్, అరబ్బీల మీదుగా వెళ్ళింది. మాట, పండు రెండూ తూర్పు నుంచే పడమటికి నడిచాయి.

ఈ చరిత్రకు సజీవ సాక్ష్యం మేఘాలయలోని గారో కొండల్లో ఉంది. అక్కడి అడవి నారింజను గారోలు 'మెమాంగ్ నారంగ్' అంటారు. మెమాంగ్ అంటే చనిపోయినవారి ఆత్మ. కాయ చిన్నది, గట్టి పులుపు. చావు కర్మల్లోనూ, మందుగానూ వాడతారు. అంగడికి పనికిరాని ఆ పులుపుకు వాళ్ళ జీవితంలో ఒక చోటు ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని నారింజల్లో అతి ప్రాచీన రకాల్లో ఒకటిగా లెక్కిస్తారు.

ఈ చెట్టును కాపాడటానికి నోక్రెక్ కొండల్లో నిమ్మజాతి జన్యు అభయారణ్యం ఏర్పడింది. 1988లో నోక్రెక్ జీవావరణ రక్షిత ప్రాంతమైంది. 2009లో యునెస్కో జాబితాలో చేరింది. గారోల నేల 'ఆకింగ్' పద్ధతిలో వంశం ఉమ్మడి ఆస్తి. దాని పెద్ద 'నోక్మా'. రక్షిత అడవి కోసం అలాంటి వంశాల భూములే తీసుకున్నారు. చెట్టుకు రక్షణ వచ్చింది, మంచిదే. ఆ చెట్టుకు పేరు పెట్టి, దాని గుణం తెలుసుకున్న మనుషుల పేరు కూడా పాఠాల్లోకి రావాలి.

పక్కనున్న ఖాసీ కొండల కథ మరో రకం. అక్కడి దక్షిణపు వాలుల్లో కాసే తీపి కమలాలు ఎంతోకాలం కింద మైదానంలోని సిల్హెట్ సంతలకు దిగేవి. 1947 విభజనతో మధ్యలో సరిహద్దు గీత పడింది. చెట్లు కాశాయి కానీ సంత పరాయి దేశమైంది. పండు ఎంత తీపిదైనా దారి మూసుకుపోతే రైతుకు మిగిలేది చేదే.

ఇదంతా దూరపు సంగతి అనుకోకండి. అనంతపురం, నల్గొండ తోటల్లో బత్తాయిని పుల్లని జంబీరి, రంగపూర్ నిమ్మ వేరుమొక్కల మీద అంటు కడతారు. పైన తీపి కాయాలంటే కింద పులుపు వేరు నిలబడాలి. ఈశాన్యపు కొండలు, వాటి కింది మైదానాలే ఆ వేరుమొక్కల పాత ఊళ్ళు. కొత్త తెగుళ్ళు వస్తే తట్టుకునే గుణం కోసం వెతకాల్సింది కూడా ఇలాంటి మొరటు రకాల్లోనే.

టీచర్లు ఒక పని చేయవచ్చు. మీ ఊళ్ళో, అడవిలో ఉన్న పుల్లకాయలు, చేదుకాయలు ఎన్నో పిల్లలతో అడిగించండి. వాటిని మన భాషలో ఏమంటారు, ఏ పండుగకు, ఏ జబ్బుకు వాడతారు, తాతలు అవ్వలు చెప్పింది రాయించండి. అంగడి మెచ్చే రుచి ఒక్కటే మిగిలితే చెట్టుతో పాటు పేరు, పేరుతో పాటు జ్ఞానం పోతాయి. మన రుచుల చరిత్రను మనమే రాసుకుందాం.