పోలీసు రిజిస్టరు నుంచి పోలీసు కొలువు దాకా

హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. నగరంలో ఉండేవాళ్ల పేర్లు, చిరునామాలు రిజిస్టరుకెక్కించాలి. అలా నమోదైనవాళ్లు ఆడవేషంలో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం వేసిన బాట ఇది. సర్కారు వాళ్లను గుర్తించింది, కానీ అనుమానితులుగా.

నిజాం పాలన పోయినా ఆ చట్టం పోలేదు. అది పుస్తకాల్లో ఉండగానే మరో రకం లెక్కలు మొదలయ్యాయి. 2009లో ఓటరు జాబితాలో ‘ఇతరులు’ అని రాసుకునే వీలు కలిగింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో చేరినవారు 43,769 మంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాము ఎవరో చెప్పుకునే హక్కు వాళ్లదేనంది. ఆ జూన్‌లోనే తెలంగాణ ఏర్పడింది.

తెలంగాణ పల్లెకు వీళ్లు కొత్తవాళ్లేం కాదు. బోనాల్లో, కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులుగా పూనకం వచ్చినప్పుడు ఊరు చేతులు జోడిస్తుంది. బతుకుదెరువు దగ్గరికొచ్చేసరికి ఆ చేతులు ముడుచుకుంటాయి. తెలంగాణ సర్కారు ఇచ్చే ఆసరా పింఛను వృద్ధులకు, వితంతువులకు, నేత, గీత కార్మికులకు, తర్వాత ఒంటరి మహిళలకూ అందింది. ఆ వరుసలో ట్రాన్స్‌జెండర్లకంటూ చోటు దక్కలేదు.

2018లో ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి తదితరులు పాత చట్టం మీద హైకోర్టుకెక్కారు. అదే ఏడు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి చంద్రముఖి హైదరాబాద్‌లోని గోషామహల్‌లో అసెంబ్లీకి పోటీ చేశారు. 2023 జులైలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వాళ్లకు ఆసరా కూడా ఇమ్మంది. 2024 డిసెంబరులో గోషామహల్ మైదానంలోనే పరుగు, ఎత్తు పరీక్షలు పెట్టి 39 మంది ట్రాన్స్‌జెండర్లను పోలీసు శాఖలో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఒకనాడు తమ పేర్లు రాసుకున్న శాఖలోనే వాళ్లు కొలువు చేయడం చిన్న విషయమని నేననుకోను.

అయితే ఆ కొలువులు పట్నంలోవి. పల్లెలో ఉన్నవాళ్లకు హైకోర్టు తీర్పులో అక్కరకొచ్చే మాట పింఛనే.