క్యాన్సర్ చికిత్స తర్వాతి స్కాన్ ఫలితాలు

క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయ్యాక వ్యాధి ఎంత తగ్గిందో, మళ్లీ తలెత్తిందో లేదో తెలుసుకోవడానికి తీసేవి ఫాలో అప్ స్కాన్‌లు. వీటి ఫలితం ఒక్క ఫిల్ములో దొరకదు. పాత స్కాన్‌ను పక్కన పెట్టి పోల్చితేనే తేలుతుంది.

ఆరంభ దశ

1895 జనవరిలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో జన్మించారు. ఆ ఏడాది నవంబరులోనే జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నారు. సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ మెరుగుదలను రక్త, మజ్జ పరీక్షలు చూపాయి. శరీరంలోని గడ్డలకు మాత్రం చేత్తో తడిమి చూడటం, ఎక్స్‌రే తీయడమే చాలాకాలం ఆధారం.

1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీశారు. దాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు, సిద్ధాంతం అందించిన కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. చక్కెరలాంటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి కణాల చురుకుదనాన్ని చూసే పెట్ స్కాన్, 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సీటీతో కలిసి ఒకే యంత్రమైంది.

కొలమానాలు

ఒక్కో వైద్యుడు ఒక్కో తీరున "తగ్గింది" అంటే చికిత్సలను పోల్చలేరు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో ప్రమాణాలు ప్రకటించింది. 2000లో వచ్చిన రెసిస్ట్ నియమాలను 2009లో సవరించారు. వాటి ప్రకారం ఎంచుకున్న గడ్డల కొలతల మొత్తం కనీసం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. అత్యల్ప స్థాయి నుంచి కనీసం 20 శాతం, అదీ 5 మి.మీ.కు తగ్గకుండా పెరిగితే, లేదా కొత్త గడ్డ కనిపిస్తే వ్యాధి ముదిరినట్టు. ఉదాహరణకు 50 మి.మీ. మొత్తం 35కు దిగితే పాక్షిక స్పందన. అది మళ్లీ 42కు చేరితే ముదిరినట్టు. నడుమ ఉన్నదాన్ని రిపోర్టులు "స్టేబుల్" అంటాయి. వ్యాధి నిలకడగా ఉందనే దాని అర్థం, మందు పనిచేయలేదని కాదు.

లింఫోమా అనే లింఫు కణజాల క్యాన్సర్‌లో పెట్ స్కాన్‌ను చదవడానికి 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో అయిదు అంకెల పద్ధతి రూపొందింది. అనుమానపు చోటు వెలుగును కాలేయం వెలుగుతో పోల్చుతారు. దాన్ని మించకపోతే, అంటే 1 నుంచి 3 వరకు, సాధారణంగా మంచి ఫలితమే.

పొరబడే చోట్లు

పెట్‌లో వెలిగేదంతా క్యాన్సర్ కాదు. క్షయ, ఇతర ఇన్ఫెక్షన్లు, రేడియేషన్ వాపు కూడా వెలుగుతాయి. అందుకే రేడియేషన్ తర్వాత పెట్‌కు సాధారణంగా 3 నెలలు ఆగమంటారు. గడ్డ కరిగిన చోట మిగిలే మచ్చ సీటీలో ఏళ్ల తరబడి కనిపించవచ్చు. అనుమానం తీరకపోతే కొంతకాలానికి మళ్లీ స్కాన్ తీస్తారు, లేదా ముక్క పరీక్ష చేస్తారు.

ఎక్కువ స్కాన్‌లు తీస్తే ఎక్కువ మేలనీ లేదు. లక్షణాలు లేని రొమ్ము క్యాన్సర్ రోగులకు తరచూ ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే తీసినా ఆయుష్షు పెరగలేదని 1994లో ఇటలీ అధ్యయనాలు తేల్చాయి. నేటికీ వారికి ప్రధానమైనవి వైద్యుడి పరీక్ష, ఏటా మామోగ్రామ్.

కోనసీమలో

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడింది. అమలాపురంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, క్యాన్సర్ వైద్యానికి గోదావరి పాయలు దాటే కుటుంబాలు అనేకం. కొత్తపేట వారికి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం, అమలాపురం వారికి యానాం మీదుగా కాకినాడ, రాజోలు వారికి చించినాడ వంతెన దాటి పశ్చిమ గోదావరి దగ్గర. ఇంకా దూరమైతే విశాఖ, లేదా 1955 నుంచి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న హైదరాబాద్. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు ఈ చికిత్సల భారాన్ని తగ్గించింది.

చికిత్స ఒక ఊళ్లో, స్కాన్ మరో ఊళ్లో జరిగితే పోలిక తెగిపోతుంది. పాత ఫిల్ములు, సీడీలు, బయాప్సీ రిపోర్టు, చివరి కీమో లేదా రేడియేషన్ తేదీ రోగి వెంట ఉండాలి. వీలైతే అదే కేంద్రంలో, అదే రకం స్కాన్ తీయించాలి. రిపోర్టు చివరి "ఇంప్రెషన్" చదివి ఇంట్లోనే బెంబేలెత్తవద్దు. దేనితో పోల్చారు, ఎంత మారింది, తర్వాత ఏం చేయాలి అన్న మూడు సంగతులూ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.