వదిలేసిన పారాచూట్‌ జాడ చెప్పే చిరు పరికరాలు
స్కైడైవింగ్‌లో ప్రధాన పారాచూట్ సరిగా విచ్చుకోకపోతే, దూకినవారు దాన్ని వదిలించుకుని రిజర్వ్ పారాచూట్‌తో దిగుతారు. తేలికైన ఆ వస్త్రం గాలివాటున కొట్టుకుపోయి ఏ చేలోనో, చెట్టుపైనో పడుతుంది. కొత్తది కొనాలంటే ఖర్చు లక్ష రూపాయలు దాటుతుంది కనుక గాలింపు తప్పదు. అందుకే కొందరు అందులో ట్రాకర్ అమర్చుకుంటున్నారు.

2021లో విడుదలైన యాపిల్ ఎయిర్‌ట్యాగ్ బరువు 11 గ్రాములే. అయితే దానిలో జీపీఎస్ లేదు. దాని బ్లూటూత్ సంకేతాన్ని సమీపంలోని ఐఫోన్ల వంటి యాపిల్ పరికరాలు అందుకుంటేనే యజమానికి స్థానం తెలుస్తుంది. మనిషి అలికిడి లేని మొక్కజొన్న చేలో అది మూగబోయినట్టే. అక్కడ మొబైల్ నెట్‌వర్క్ ఉంటే, స్థానాన్ని తానే పంపే జీపీఎస్ ట్రాకర్ మేలు.

ఏదైనా సరే, తాళ్లకు చిక్కుకోని చోటే, పారాచూట్ నిపుణుడైన రిగ్గర్ సలహాతోనే అమర్చాలి. వస్త్రం ఏ దిక్కుకు వెళ్లిందో గాలిలో ఉండగానే గమనించడం మాత్రం మానరాదు. బ్యాటరీ అయిపోతే మిగిలే ఆధారం అదొక్కటే.