అచ్చమాంబగారి పుస్తకం

ఇల్లాలు ఎలా మసలుకోవాలో, పిల్లల్నెలా పెంచాలో చెప్పే రాతలు మనకి కొత్తేం కాదు. 1883లోనే వీరేశలింగం పంతులుగారు ఆడవాళ్ల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టారు. మంచి మాటలే. చెప్పినవారు మాత్రం మగవారు కదా!

భండారు అచ్చమాంబగారు 1874లో పుట్టారు. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. మనం వంటింటి పని తెమిలాక పుస్తకం తీసినట్టే అనుకోండి! పుట్టిన బిడ్డలిద్దరూ దక్కలేదు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. అనాథ పిల్లల్ని ఇంట పెట్టుకుని చదువు చెప్పించారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం అచ్చయింది. అందులో ఉన్నవి స్త్రీల జీవితచరిత్రలు. చదువుకుంటే ఆడది చెడిపోతుందన్న మాట అబద్ధమని చూపడానికే రాశానని ముందుమాటలో చెప్పుకున్నారు. 1905లో, ముప్ఫై ఏళ్లకే ఆవిడ కన్నుమూశారు.